చక్రం మార్చిన బండి

మా ఇంటి ఎడ్లబండికి మొత్తం మూడు జతల చక్రాలు వాడాం. మొదటివి కర్రవి, మా తాతగారు చేయించినవి. రెండోవి రబ్బరు టైర్లవి, 1974లో వేయించినవి. మూడోవి పాత లారీ చక్రాలు, 1986లో మా నాన్నగారు ముచ్చటపడి తెచ్చినవి. చక్రాలు మారాయి గాని నొగలు అవే, కాడి అదే, తొట్టి చాలావరకు అదే. ఎద్దులు మాత్రం ఎప్పటికప్పుడు వేరేవి.

ఒక పాత బండికి పెద్ద చక్రాలు వేయించడం పెద్ద చరిత్రేమీ కాదు. కాని కొత్తపేటకీ అంబాజీపేటకీ మధ్యనున్న మా ఊరి సంగతి ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ బండే గుర్తొస్తుంది. రోడ్లు ఎప్పుడొచ్చాయో, వడ్రంగం ఎప్పుడు పోయిందో, కొబ్బరి బేరం ఎలా మారిందో ఆ చక్రాలని చూసి చెప్పొచ్చు. మా ఇంట్లో జరిగిన ఒక తప్పు కూడా అందులో ఉంది. దాని గురించి మా నాన్నగారు బతికుండగా నేను రాయలేదు.

ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. కోనసీమలో బండికి చాలాకాలం రెండో స్థానమే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల మాకు పంట కాలవలు వచ్చాయి. కాటన్ దొర ఆ కాలవల్ని సాగుకి మాత్రమే కాదు, పడవలు తిరగడానికి కూడా తవ్వించాడు. అందుకే లాకులు, అందుకే రేవులు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలవనే వంతెనెక్కించి అవతలి ఒడ్డుకి దాటించారు. రాజోలు వైపు భూములకి నీళ్ళు అలా అందాయి. ధాన్యమైనా కొబ్బరికాయలైనా దూరం వెళ్ళాలంటే పడవే. రైలు 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వచ్చి, గౌతమి ఇవతలి గట్టు చూసి అక్కడే ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పట్టాలు కూడా పీక్కుపోయారు. మళ్ళీ 2004 దాకా అక్కడ రైలు కూత లేదు.

కాబట్టి బండి పని దగ్గరి పని. చేలోంచి కళ్ళానికి, కళ్ళంలోంచి ఇంటికి, తోటలోంచి రేవుకి. పాయ దాటాలంటే బండినీ ఎద్దుల్నీ పంటు ఎక్కించేవారు. ఆ తోవలు కూడా తోవలు కావు. కాలవ గట్లు, గరువు నేలల్లో ఇసక, వర్షాకాలంలో మోకాలి లోతు నల్లరేగడి బురద. ఆ నేలని చూసి పుట్టింది కర్ర చక్రం.

మా కర్ర చక్రం ఎత్తు ఐదడుగులు. చిన్నప్పుడు నేను దాని పక్కన నుంచుంటే నా తల పైఅంచు దాకా రాలేదు. నడిమి మొద్దు, దానిలోంచి బయల్దేరే ఆకులు, ఆకుల చివర్లని కలుపుతూ గుండ్రంగా పూటీలు, వాటన్నిటి మీదా ఇనుప పట్టా. చాలావరకు నల్లతుమ్మ కర్ర. మేకు ఒక్కటి కూడా ఉండదు. అంతా బిగింపే. ఆ బిగింపు ఇచ్చేది పట్టా. చక్రం చుట్టుకొలత కంటే ఒక పిసరు చిన్నదిగా పట్టా చేసి, దాని చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. ఎర్రగా కాలి సాగిన పట్టాని నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద వేసి, సుత్తులతో దించి, వెంటనే నీళ్ళు కుమ్మరిస్తారు. పట్టా బిగుసుకుంటూ ఆకుల్ని మొద్దులోకి, పూటీల్ని ఒకదానిలోకి ఒకదాన్ని నొక్కేస్తుంది. కర్ర కీచుమని అరుస్తుంది. ఆ పొగ, ఆవిరి, కాలిన తుమ్మ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. వడ్రంగి, కమ్మరి ఇద్దరూ కలిస్తేగాని చక్రం అవదు. మా ఊళ్ళో ఆ ఇద్దరూ అన్నదమ్ములు.

చక్రం అంత పెద్దదిగా ఎందుకంటే గోతుల కోసం. పెద్ద చక్రం చిన్న గోతిలో పడదు, మీదనుంచి దాటిపోతుంది. కాలవలోకి దిగినా తొట్టి తడవదు. సన్నటి పట్టా బురదని కోసుకుంటూ కిందున్న గట్టి నేలని పట్టుకుంటుంది. చేలో ఇది గుణం. రోడ్డు మీద ఇదే దోషం. పది పన్నెండు బస్తాల బరువంతా రెండంగుళాల ఇనుము మీద ఆనితే కంకర పిండవుతుంది. ఒక బండి గాడి వేస్తే వెనక బండి అందులోనే నడుస్తుంది, గాడి కాలవవుతుంది.

ఇది మా ఊరి గొడవే కాదు. బ్రిటిష్ ప్రభుత్వం దేశంలో రోడ్ల సంగతి తేల్చడానికి 1927లో జయకర్ కమిటీని వేసింది. 1928లో వ్యవసాయం మీద రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడింది. మోటార్లు రోడ్డెక్కుతున్న రోజులవి. ఇంజనీర్లు కలిసినప్పుడల్లా వచ్చే తలనొప్పుల్లో ఎడ్లబండి ఇనుప పట్టా ఒకటి. మోటారు కోసం వేసిన రోడ్డుని బండి పాడుచేస్తోందని వాళ్ళ బాధ. బండి తిరిగే చోట మోటారు కోసం రోడ్డెందుకు వేశారని రైతు బాధ. ఇద్దరి మాటా నిజమే. రాజీగా దొరికింది రబ్బరు.

గాలి టైరు కథలో ఒక తమాషా ఉంది. దాన్ని మొదట ఊహించింది మోటారు కోసం కాదు. 1845లో రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు పేటెంటు తీసుకున్నది గుర్రబ్బగ్గీల్ని మనసులో పెట్టుకుని. అప్పుడది ఎవరికీ పట్టలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్లప్ మళ్ళీ కనిపెట్టాడు, కొడుకు తొక్కే మూడుచక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి. డన్లప్ వృత్తి పశువైద్యం. ఎద్దు కాళ్ళూ గుర్రం మెడా తెలిసిన మనిషి పేరు మీద వచ్చిన టైరు ముందు సైకిలుకి, తరవాత మోటారుకి పోయి, దాదాపు అర్ధశతాబ్దానికి ఎద్దు దగ్గరికి వచ్చింది. డన్లప్ కంపెనీ 1936లో బెంగాల్లోని సహాగంజ్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. ఆ దశకంలోనే పశువులు లాగే బండ్లకి గాలి టైర్లు మన దేశంలో ప్రచారంలోకొచ్చాయి. కొన్ని చోట్ల ఆ బండి పేరే డన్లప్ బండి అయింది. మా వైపు టైరు బండి అన్నారు.

అందరూ టైరు టైరు అంటారు గాని, సగం గొప్పతనం లోపలున్న బేరింగుది. కర్ర చక్రానికి ఇనుప ఇరుసు, మొద్దులో బొక్క, మధ్యలో కందెన. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసిన కందెన ఎంత పెట్టినా బండి పొద్దున్నించి సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉంటుంది. మా బండి వస్తోందని మా అమ్మమ్మకి వీధి చివరనే తెలిసిపోయేదట. టైరు చక్రం వచ్చిన రోజు నుంచి బండి చప్పుడు లేకుండా రావడం మొదలెట్టింది. ఎద్దుల మెడగంటలు మాత్రమే వినపడేవి.

1974లో మా తాతగారు టైరు చక్రాలు కొన్నప్పుడు వాటిని బిగించింది ఎవరో మెకానిక్ కాదు, పాత చక్రాలు చేసిన ఆచారిగారే. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆయన పని నేను పక్కన కూచుని చూశాను. కొత్త చక్రం ఎత్తు 35 అంగుళాలు. పాతది 60. అంటే ఇరుసు నేలకి ఒక అడుగు దిగిపోతుంది. కాడి మాత్రం ఎద్దు మెడ ఎంత ఎత్తుంటే అంతే ఎత్తులో ఉండాలి. వెనక దిగి ముందు దిగకపోతే తొట్టి వెనక్కి ఒరిగిపోతుంది, సరుకు వెనక్కి జారుతుంది, కాడి పైకి లేచి ఎద్దు గొంతుకి బిగుస్తుంది. అందుకని ఆయన కొత్త ఇరుసుకీ నొగలకీ మధ్య తుమ్మ దిమ్మలు పెట్టి తొట్టిని ఎత్తు చేశారు. తరవాత పది బస్తాలు వేయించి, కాడి కింద అరచెయ్యి పెట్టి ఎత్తి చూశారు. ఇరుసుని వేలెడు ముందుకి జరిపారు. మళ్ళీ ఎత్తి చూశారు. అలా మూడుసార్లు. ఆఖరికి తలూపి, నొగలకి బొక్కలు వేసి బోల్టులు బిగించారు.

కొలత పుస్తకంలో లేదు, ఆయన అరచేతిలో ఉంది. కాడి మీద బరువు మరీ లేకపోతే బండి వెనక్కి లేస్తుంది. ఎక్కువైతే ఎద్దు మెడ మీద కూచుంటుంది.

ఆ రోజు ఆయన బిగించినది ఆయన పనికి ఆఖరి చక్రం అని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. నాలుగైదేళ్ళలో ఊళ్ళో బండ్లన్నీ టైర్లకి మారాయి. చక్రం చేయడానికి మూడు వారాలు పట్టే పనికి గిరాకీ పోయింది. ఆయన తలుపులూ మంచాలూ చేసుకున్నారు. తమ్ముడు కొలిమి చల్లార్చి సైకిళ్ళ షాపులో చేరాడు. పంక్చరు వేయడం అక్కడ నేర్చుకుని మా బండికీ వేసేవాడు.

టైరు బండి వల్ల మేలు జరగలేదని అనను. ఇరవై బస్తాలు వేసినా తారు రోడ్డు మీద ఎద్దులు ఆయాసపడకుండా నడిచేవి. తొట్టి కాస్త కిందికి రావడంతో కొబ్బరికాయలు ఎక్కించడం సులువైంది. దింపు అయిన మర్నాడే అంబాజీపేట మార్కెట్టుకి సరుకు చేరేది. కష్టాలూ ఉన్నాయి. బురదలో వెడల్పు టైరు ముద్దలు ముద్దలుగా మట్టి ఎత్తుకునేది. లాకు వంతెన దిగేటప్పుడు బండి ఆగేది కాదు. కర్ర చక్రం తన రాపిడితో తనే సగం ఆగేది. ఇది జారి ఎద్దుల మీదికొచ్చేది. తరవాత్తరవాత కర్ర దిమ్మతో బ్రేకు పెట్టించుకున్నాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే దూరంగా బెంగుళూరులో ఒకాయన ఇదే ఆలోచిస్తున్నాడు. ఎన్.ఎస్. రామస్వామి, 1973లో మొదలైన అక్కడి ఐఐఎంకి తొలి డైరెక్టరు. మేనేజ్‌మెంటు చదువుల సంస్థకి పెద్ద అయ్యుండి ఆయన ఎడ్లబండి మీద పడ్డాడని చాలామంది నవ్వారట. దేశంలో కోటికి పైగా బండ్లున్నాయి, వాటి మీద పెట్టిన పెట్టుబడి చిన్నది కాదు, వాటిని బాగుచేయడం వెనకబాటుతనం ఎలా అవుతుందని ఆయన వాదన. 1979లో నివేదిక రాశాడు. చక్రాలు, బేరింగులు, కాడి, ఎద్దు మెడ మీద పుళ్ళు, అన్నిటినీ కలిపి చూశాడు. చక్రం ఒక్కటీ మారిస్తే చాలదు, బండి మొత్తాన్ని ఎద్దు వైపు నుంచి చూడాలన్నది ఆయన పట్టుదల. ఆ నివేదిక మా ఊరికి రాలేదు. వచ్చినా మా ఆచారిగారికి అందులో కొత్త ఏమీ ఉండేది కాదు.

ఇక మూడో జత.

1986 నాటికి మా తాతగారు లేరు. కొబ్బరి ధర బావుంది. నాన్నగారు ఒకే తిరుగుడుకి ఇంకా ఎక్కువ కాయ తోలాలనుకున్నారు. రావులపాలెంలో హైవే పక్కన పాత లారీ చక్రాలు చవగ్గా దొరికేవి. ఎత్తు 40 అంగుళాలు, టైరు వెడల్పు. చూడ్డానికి బండి ఏనుగులా ఉంటుందని ఆయన సరదా. చక్రాలు కొని, అక్కడే ఒక వెల్డింగు షాపులో బండికి బిగింపించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చారు. ఊరంతా వచ్చి చూసింది. నాకు ఇరవయ్యేళ్ళు. నేనూ మురిసిపోయాను.

జరిగింది ఇది. టైరు పెద్దదవడంతో తొట్టి పక్క గుంజకి రాసుకుంది. షాపులో కుర్రాడు ఇరుసుని నాలుగు వేళ్ళు వెనక్కి జరిపి, నొగలకి కొత్త బొక్కలు వేసి బిగించాడు. రాపిడి పోయింది. పాత దిమ్మలు అలాగే ఉంచడం వల్ల వెనక వైపు రెండున్నర అంగుళాలు లేచి తొట్టి ముందుకి వంగింది. రెండూ కలిసి ఒకే వైపు పనిచేశాయి. లెక్క నేను తరవాత వేశాను. ఇరుసు నుంచి కాడికి తొమ్మిదిన్నర అడుగులు. బండిలో టన్నున్నర సరుకు. ఇరుసు మూడంగుళాలు వెనక్కి పోతే కాడి మీద అదనంగా పడేది దగ్గరదగ్గర 40 కిలోలు. ఒక్కో ఎద్దు మెడ మీద ఇరవై. ఒకసారి మోయాల్సింది కాదు. అంబాజీపేట దాకా, ప్రతి అడుగుకీ, ప్రతి కుదుపుకీ.

ఎద్దు చెప్పలేదు. వారానికి దాపటెద్దు కాడి కిందికి తల పెట్టనని మొరాయించింది. మొండికేసిందనుకుని పాలేరు రెండు దెబ్బలు వేశాడు. పసుపూ వేపనూనే రాశాం. పుండు మానేలోపు మళ్ళీ దింపు వచ్చింది, మళ్ళీ కట్టాం. నెలకి వెలపటి దాని మెడ కూడా వాచింది. నాన్నగారు ఎద్దుల్ని తిట్టారు, కాడిని తిట్టారు, కాడికి గోనె చుట్టించారు. చక్రాల్ని మాత్రం ఒక్క మాట అనలేదు. ఎంతో ముచ్చటపడి కొన్నవి కదా.

ఆచారిగారిని పిలవమని చెప్పింది మా అమ్మ. ఆయన అప్పటికి ముసలాయన అయ్యారు. వచ్చి, చక్రాల వైపు చూడకుండా ముందు కాడి కింద చెయ్యి పెట్టారు. పెట్టి వెంటనే తీసేశారు.

“ఇరుసు ఎవరు జరిపారండీ?”

“టైరు గుంజకి రాసుకుంటోందని షాపులో కుర్రాడు వెనక్కి వేశాడండి ఆచారిగారూ,” అన్నారు నాన్నగారు.

“ఆయ్, గుంజ జరపాల్సింది గానండి, ఇరుసు జరుపుతారా? గుంజకి మెడ లేదు కదండీ.”

అంతకు మించి ఏమీ అనలేదు. గుంజ పీకి లోపలికి పాతారు. దిమ్మల్ని రెండున్నర అంగుళాలు చెక్కి తీసేశారు. ఇరుసుని పాత బొక్కలకే తెచ్చి బిగించారు. కొత్త బొక్కల్లోకి నీళ్ళు దిగి కర్ర పుచ్చిపోతుందని వాటికి తుమ్మ బిరడాలు కొట్టారు. కూలీ ఇవ్వబోతే పూట కూలీ మాత్రం తీసుకుని, మిగతాది ఎద్దులకి తవుడు కొనమన్నారు. నాన్నగారు ఆ రాత్రి అన్నం దగ్గర మాట్లాడలేదు. ఎద్దుల మెడలు నెమ్మదిగా మానాయి. దాపటెద్దుకి ఆ చోట వెంట్రుక మాత్రం తెల్లగా మొలిచింది, చచ్చేదాకా అలాగే ఉంది.

నాకు కోపం ఎవరి మీదా లేదు. షాపు కుర్రాడికి లారీలు తెలుసు. లారీకి మెడ ఉండదు. ఆ బరువు ఎక్కడ పడుతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి మా వీధిలోనే తలుపులు చేసుకుంటున్నాడు. చక్రం బజార్లో దొరుకుతోంది కాబట్టి ఆయన అవసరం లేదనుకున్నాం. ఒక పనివాడి దగ్గర వస్తువు కొనడం మానేసినప్పుడు, వస్తువుతో పాటు ఊరికే వస్తూ ఉండిన తెలివిడి కూడా ఆగిపోతుంది. దాని ధర ఎప్పుడూ విడిగా కట్టలేదు గనక పోయిందని తెలియదు. మా ఇంట్లో అది తెలిసింది ఎద్దుల మెడల మీద.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసింది. మా తోటలో సగానికి పైగా చెట్లు నేల మీద ఉన్నాయి. పడిన మానుల్ని ఈడ్చడానికి ట్రాక్టర్లు వచ్చాయి, వచ్చినవి వెళ్ళలేదు. తోలడానికి కాయ లేదు. ఆ ఎండాకాలం ఎద్దుల్ని అమ్మేశాం. లారీ చక్రాలు ఎవరో ట్రాక్టరు తొట్టికని కొనుక్కుపోయారు. అక్కడ అవి సరిగ్గా సరిపోయాయి.

ఇప్పుడు మా ఊళ్ళో దమ్ము చేయడానికి ట్రాక్టరుకి రబ్బరు చక్రాలు తీసి ఇనుప కేజీవీల్స్ తగిలిస్తారు. బురదలో రబ్బరు జారుతుంది, ఇనుము పట్టుకుంటుంది. మా తాతగారి పట్టా చేసిన పనే ఇంకో విధంగా. చేలోంచి చేలోకి మారేటప్పుడు వాటిని విప్పే ఓపిక లేక అలాగే తారు రోడ్డెక్కిస్తారు. రోడ్డు మీద పళ్ళు దిగుతాయి. అధికారులు జరిమానాలంటారు, రైతులు గొడవపడతారు. 1930ల్లో ఇంజనీర్లు ఇనుప పట్టా గురించి పడ్డ తగాదా ఇదే. పాత్రలు అటూ ఇటూ కాలేదు, చక్రం పేరు మాత్రం మారింది.

కర్ర చక్రాలు కూడా పూర్తిగా పోలేదు. దిండి వైపు వెళితే రిసార్టుల గేట్ల దగ్గర రంగులేసి, దీపాలు చుట్టి నిలబెట్టినవి కనిపిస్తాయి. కొన్ని నిజమైనవే, పట్టా అరిగి ఉంటుంది. నేను ఆగి చూస్తూ ఉంటే మా పిల్లలు విసుక్కుంటారు.

మా పశువుల పాక ఇప్పుడు స్కూటర్ల పాక. దాని కప్పుకి ఆ బండి నొగల్లో ఒకటి వాసంగా వేశాం. కింద నుంచుని చూస్తే రెండు జతల బొక్కలు కనిపిస్తాయి. ఒక జత ఖాళీగా ఉంటుంది, రెండో దానిలో తుమ్మ బిరడాలు. మధ్యలో ఎడం నాలుగు వేళ్ళు. నాన్నగారు పెద్దయ్యాక పడకకుర్చీ అక్కడే వేయించుకునేవారు. ఆయన కళ్ళు కప్పు వైపే ఉండేవి. ఏం చూస్తున్నారని నేను ఎప్పుడూ అడగలేదు.